మూడెకరాల్లో బిలియన్ డాలర్లు

ఊళ్ళో నన్ను ‘హెంపు మాస్టారు’ అంటున్నారు. నా వెనక అనే మాటే గానీ, విస్సన్నపేటలో వెనక అన్నదేదీ ఎక్కువసేపు వెనక ఉండదు. సర్వీసంతా సోషల్ చెప్పిన మనిషిని. గంగ డెల్టాలో జనపనార ఎందుకు పండుతుందో, ఎక్కడో స్కాట్లాండులో ఉన్న డండీలో దాని మిల్లులు ఎందుకు లేచాయో పిల్లల చేత వల్లె వేయించిన మనిషిని. అలాంటివాణ్ణి, రిటైరయ్యాక ఆ పాఠాన్నే తలకిందులుగా పట్టుకుని, మూడెకరాల మెట్టలో పారిశ్రామిక హెంపు పండించి దేశానికి దారి చూపిద్దామని బయల్దేరాను.

నన్నెవరో మోసం చేశారని చెప్పుకోవడానికి ఇది రాయడం లేదు. చేశారు, కొద్దిగా. కానీ మోసపోవడానికి నేను పడ్డ పాట్ల ముందు, మోసం చెయ్యడానికి వాళ్ళు పడ్డ కష్టం ఏపాటిది!

మాకున్నది ఎనిమిదెకరాలు. ఐదు మామిడి, మూడు మెట్ట. మామిడి సంగతి నూజివీడు చుట్టుపక్కల వాళ్ళకు చెప్పక్కర్లేదు. పూత చూస్తే ఇల్లు కట్టాలనిపిస్తుంది, కోత చూస్తే ఉన్న ఇల్లు అమ్మాలనిపిస్తుంది. మెట్టకు సాగర్ ఎడమ కాలువ ఉంది కదా అంటారు. ఉంది, నిజమే. మేం దాని తోకలో ఉన్నాం. నీళ్ళు తోకకు చేరేసరికి పైరుకు వాటితో పని అయిపోయి ఉంటుంది. బోరు కింద మిర్చి వేయిస్తే 2021-22లో నల్ల తామర పురుగు వచ్చింది. ఆ ఏడాది గుంటూరు నుంచి ఖమ్మం దాకా మిర్చి చేలను అది ఊడ్చేసింది. మా కౌలు రైతు పూత రాలిపోయిన చేలోకి గొర్రెల్ని తోలి, సగం కౌలు నా చేతిలో పెట్టి, మిగతా సగం అడగొద్దన్నట్టు చూశాడు. నేను అడగలేదు. అదంతా నా మంచితనం కింద రాసుకున్నాను. నిజానికి అప్పటికే నా బుర్రలో వేరే పురుగు దూరింది. తప్పు నేలది కాదు, నీళ్ళది కాదు, బేరగాడిది కాదు, పంటది. ఎవరూ వెయ్యని పంట వేస్తే చాలు.

ఈ ఆలోచన మా ప్రాంతానికి కొత్త కాదు. సఫేద్ ముస్లి అన్నారు, ఈము పక్షులన్నారు, జట్రోఫా అన్నారు, కలబంద అన్నారు. ప్రతిదానికీ ఒక కరపత్రం, ఒక భోజనాల సభ, ఒక బై-బ్యాక్ ఒప్పందం. ఈము మనుషుల్ని చూసి నేను నవ్విన నవ్వు ఊళ్ళో ఇంకా కొంతమందికి గుర్తుంది. వాళ్ళు ఇప్పుడు వడ్డీతో సహా వసూలు చేసుకుంటున్నారు.

రిటైరయ్యాక రాత్రిళ్ళు ఫోను చూడ్డం అలవాటైంది. అందులో హెంపు గురించి ఒక వీడియో చూస్తే పదొచ్చాయి. హెంపుతో 25,000 రకాల వస్తువులు చెయ్యొచ్చట. గుడ్డ, కాగితం, ఇటుక, నూనె, ప్లాస్టిక్కు. అమెరికా స్వాతంత్ర్య ప్రకటనను హెంపు కాగితం మీదే రాశారట. 1941లో హెన్రీ ఫోర్డు హెంపుతో కారు చేశాడట. సోషల్ మాస్టారిని కదా, ఆ ప్రకటనను సంతకాలకు తోలు పత్రం మీద రాశారని నాకు తెలిసి ఉండాలి. తెలుసు కూడా. అయినా ఆ క్షణాన తెలియనట్టు ఊరుకున్నాను. ఫోర్డు కారు విషయంలో ఆనాడు గొప్పగా చెప్పుకున్నది సోయా చిక్కుడు గురించి. ఇక ఆ 25,000 ఎక్కడిదని చాలా ఆలస్యంగా వెతికాను. పాపులర్ మెకానిక్స్ అనే అమెరికా పత్రిక 1938 ఫిబ్రవరిలో ‘కొత్త బిలియన్ డాలర్ల పంట’ అని అచ్చేసిన వ్యాసంలోది. అప్పటికి కొన్ని నెలల ముందే, 1937లో, అమెరికా ప్రభుత్వం పన్ను చట్టంతో ఆ పంట పీక నొక్కేసింది. అచ్చయ్యేనాటికే పాసిపోయిన వార్త ఎనభై ఏళ్ళు దాటాక మా ఇంటి వరండాలోకి వచ్చి నన్ను నిద్రపోనివ్వలేదు.

లెక్క కూడా వేశాను. పుస్తకం ఇప్పటికీ ఉంది, మా ఆవిడ దాచింది. హెక్టారుకు ఆరు నుంచి పది టన్నుల ఎండు కాడ వస్తుందని చదివి, అందులో పది టన్నులు తీసుకున్నాను. కాడలో నార పావు వంతో, కాస్త ఎక్కువో. మిగతాదంతా లోపలి బెండు. ఇంతవరకూ బాగానే వేశాను. ఆ తర్వాత నార ధర దొరకలేదు. హెంపు చొక్కా ధర దొరికింది. దాన్ని బరువుతో భాగించి నార ధర అనుకున్నాను. మూడెకరాల మీద వచ్చిన మొత్తం చూసి, ఎవరైనా వింటారేమోనని పుస్తకం మూసేశాను.

ఇంకో ఘనకార్యం. హెంపు నేలకు నత్రజని ఇస్తుంది, నులిపురుగుల్ని తగ్గిస్తుంది అని ఒక విదేశీ వ్యాసం దొరికితే ప్రింటు తీయించి మా బాబాయికి చూపించాను. ఆయనకు ఇంగ్లీషు రాదు. బొమ్మ చూశాడు. పచ్చటి పూలు, నిటారు కాడలు.

“ఇది జనుము కదరా,” అన్నాడు.

జనుమే. తొలకరికి మామిడి చెట్ల మధ్య చల్లి, పూతకొచ్చేవేళకు కలియదున్నే జనుము. ఏటా సబ్సిడీ విత్తనం కోసం వరసలో నిలబడి తెచ్చేది నేనే. ఇంగ్లీషు పేరులో హెంపు అని ఉన్నా, ఆ వ్యాసం పొగిడిందంతా దాన్ని. అసలు హెంపు పప్పుజాతి మొక్క కాదు, నత్రజని ఇచ్చేది కాదు సరికదా, బాగా పెరగాలంటే ఎరువు దండిగా అడుగుతుంది. అక్కడితో ఆగాల్సింది. “జాతులు చాలా ఉంటాయి బాబాయ్” అని ప్రింటు మడిచి జేబులో పెట్టుకున్నాను.

2024 సెప్టెంబరులో హిమాచల్ ప్రదేశ్ శాసనసభ గంజాయి మొక్కను, హెంపూ ఆ మొక్కే, పారిశ్రామిక, ఔషధ అవసరాలకు నియంత్రణలో పండించనివ్వాలని తీర్మానం చేసింది. ఆ వార్త వచ్చిన రోజున నేను మిఠాయి తెచ్చాను. హిమాచల్‌కూ విస్సన్నపేటకూ మధ్య ఎంత దేశముందో మ్యాపు మీద కర్ర పెట్టి చూపించగలవాణ్ణి. అయినా తెచ్చాను. ఆ తర్వాతే హైదరాబాదులో ఒక హోటల్లో సదస్సు. మెడలో ట్యాగు వేశారు, మాస్టారు అనకుండా ‘సార్’ అన్నారు, తెరమీద ఎకరా ఆదాయం చూపించారు. చట్టం రేపో మాపో మారుతుంది, ముందు నమోదైన రైతులకే విత్తనం, పండిందంతా మేమే కొంటాం అన్నారు. సభ్యత్వం నలభై వేలు. కట్టాను. రసీదు మీద ‘శిక్షణ రుసుము’ అని ఉంది. అది ఇంటికొచ్చాక చూశాను.

కొనే కాడ ఎక్కడికి తోలాలి అని నేను ఆ హాల్లో అడగలేదు. ఇప్పటికీ సిగ్గనిపించేది నలభై వేలకు కాదు, ఆ ప్రశ్నకు. మామిడికాయ లారీ ఎక్కే ముందు మండీ ఏదో అడిగే ఊరివాణ్ణి.

వాళ్ళ విత్తనం రాలేదు. నాకు ఓపిక లేదు. ఆన్‌లైన్లో హెంపు గింజలు కిలో లెక్కన అమ్ముతుంటే ఒక ప్యాకెట్టు తెప్పించాను. 2021లో ఆహార భద్రతా సంస్థ హెంపు గింజల్ని, వాటి నూనెను ఆహారంగా అమ్ముకోవచ్చని నిబంధనలిచ్చింది. అందులో టీహెచ్‌సీ, అంటే మత్తిచ్చే పదార్థం, గింజలైతే కిలోకు 5 మిల్లీగ్రాములు దాటకూడదు. అందుకని అవి బహిరంగంగా దొరుకుతాయి. తినడానికిచ్చిన అనుమతిని విత్తడానికిచ్చింది అనుకున్నాను. మొలక శాతం చూద్దామని గుప్పెడు గింజలు తడిగుడ్డలో మూటకట్టి వంటింటి మూల పెట్టాను. రోజులు గడిచాయి, మొలక లేదు, వాసన మొదలైంది. ఆవిడ మూటను పెరట్లోకి విసిరితే బాబాయి విప్పి చూసి, చేత్తో నలిపి, నా వంక చూశాడు.

“దీనికి పొట్టు తీసేశారు కదరా. పెసరపప్పు చల్లితే పెసర మొలుస్తుందంట్రా?”

ప్యాకెట్టు మీద రాసే ఉంది, పొట్టు తీసినవని. ఆ రకంగా నన్ను జైలు నుంచి కాపాడింది నా తెలివి కాదు, పొట్టు తీసే యంత్రం.

జైలు అన్న మాట ఊరికే అనడం లేదు. రైతు సేవా కేంద్రానికి వెళ్ళి, ఈ-పంట నమోదులో హెంపు ఏ పేరు కింద ఎక్కిస్తారని అడిగాను. అక్కడ వ్యవసాయ సహాయకురాలిగా చేసే అమ్మాయి నా దగ్గర చదువుకున్నదే. జాబితా పైనుంచి కిందకి చూసింది.

“లేదు మాస్టారూ. ఇంతకీ ఏంటది? తెలుగులో ఏమంటారు?”

చెప్పాను. వేలు తెర మీద ఆగిపోయింది. చుట్టూ చూసి, గొంతు తగ్గించి, “మీరు అడగలేదు, నేను వినలేదు. ఇంటికెళ్ళి చట్టం చదవండి మాస్టారూ” అంది. ఒకప్పుడు చదవమని నేను వెంటపడిన పిల్ల.

చదివాను. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం, ఎన్‌డీపీఎస్. దాని దృష్టిలో మంచి హెంపు, చెడ్డ గంజాయి అని రెండు మొక్కలు లేవు. గంజాయి ప్రజాతికి చెందిన ఏ మొక్కయినా గంజాయి మొక్కే. 8వ సెక్షను సాగు వద్దంటుంది. 20వ సెక్షను ప్రకారం సాగు చేస్తే పదేళ్ళ దాకా కఠిన కారాగారం, లక్ష దాకా జరిమానా. 10వ సెక్షను అనుమతులు, నియంత్రణ రాష్ట్రాల చేతిలో పెట్టింది. నార కోసం, గింజ కోసం అయితే ప్రభుత్వం అనుమతించవచ్చని 14వ సెక్షను. ఈ ఒక్కదాన్నే సదస్సులో తెర మీద పెద్దక్షరాలతో చూపించారు. అనుమతించవచ్చు అన్నదాన్ని అనుమతించేశారు అని చదువుకున్నాను. పిల్లల పేపర్లో అలాంటి తప్పుకు రెండు మార్కులు కోసేవాణ్ణి. 47వ సెక్షను చదివినప్పుడు ఆ అమ్మాయి ఎందుకు గొంతు తగ్గించిందో అర్థమైంది. ఊళ్ళో ఎక్కడైనా దొంగ సాగు తెలిస్తే సర్పంచి మొదలు ప్రభుత్వోద్యోగుల దాకా వెంటనే కబురివ్వాల్సిందే.

వీడియోల్లో తారకమంత్రంలా వినిపించే 0.3 శాతం టీహెచ్‌సీ గీత ఈ కేంద్ర చట్టంలో ఎక్కడా లేదు. ఉత్తరాఖండ్ తన నిబంధనల్లో గీసుకుని, 2018లో తొలి లైసెన్సు ఇచ్చింది. అక్కడి కొండల్లో భంగు గింజల పచ్చడి, ఆ నారతో నేసిన బట్ట తరాలుగా ఉన్నవే. అయినా అక్కడ కూడా పెద్ద తలనొప్పి విత్తనమే. నాటు విత్తనం గీత దాటిపోతుంది. విదేశీ విత్తనం మన పగళ్ళకు పనికిరాదు.

ఈ పగటి సంగతి నాకు భూగోళం పాఠం నుంచే తట్టాల్సింది. హెంపు పగలు కురచవగానే పూతకొచ్చే మొక్క. ఫ్రాన్సులో జూన్ నెల పగలు పదహారు గంటలు. అక్కడి నార రకాలు ఆ పొడుగు పగళ్ళలో మనిషికి రెండింతలు పెరిగి, తర్వాత పూస్తాయి. విస్సన్నపేట పదిహేడో డిగ్రీ అక్షాంశం దగ్గరుంది. ఎండలు మండిపోయే రోజుల్లో కూడా మన పగలు పదమూడు గంటల పైచిలుకే. ఆ విత్తనం ఇక్కడ వేస్తే మోకాలెత్తుకు రాకముందే పూతకొచ్చి నిలిచిపోతుంది. నారకు కావలసింది కాడ పొడుగు. మన అక్షాంశానికి తగ్గ, మత్తు తక్కువ ఉన్న రకం కావాలంటే ఒక పరిశోధనా కేంద్రం ఏళ్ళ తరబడి ఎంపిక చేసుకుంటూ పోవాలి. హిమాచల్‌లో 2025 జనవరిలో మంత్రివర్గం ఒప్పుకున్నది కూడా సాగుకు కాదు, పాలంపూర్, నౌణి విశ్వవిద్యాలయాల్లో ముందు ప్రయోగాత్మక అధ్యయనానికి. నేను తెచ్చిన మిఠాయి దానికన్నమాట.

ఒకవేళ పండిందే అనుకుందాం. కాడ నరికి ట్రాక్టరు మీద వేసుకుని తిరువూరు వైపు వెళ్ళాలి. జగదల్‌పూర్ నుంచి కుంట, భద్రాచలం, కొత్తగూడెం మీదుగా విజయవాడ వైపు వచ్చే 30వ నంబరు జాతీయ రహదారి తిరువూరులోంచే పోతుంది. ఆ దారిలో పోలీసులు దేనికోసం బండ్లు ఆపుతారో చిన్నపిల్లాడికైనా తెలుసు. “ఇందులో మత్తు 0.3 శాతం లోపే సార్” అని కానిస్టేబులుకు నేను వివరిస్తున్నట్టు మా బావమరిది పెళ్ళిళ్ళలో నటించి చూపిస్తాడు. బాగా చేస్తాడు, కాదనను.

నవ్వు ఆగిపోయేది ఇంకో చోట. ఈ మొక్కను మన రాష్ట్రంలో నిజంగా పండించినవాళ్ళు పాడేరు, చింతపల్లి, గూడెం కొత్తవీధి వైపు గిరిజనులు. 2021లో పోలీసులు ఆపరేషన్ పరివర్తన పేరుతో అక్కడ 7,500 ఎకరాలకు పైగా గంజాయి తోటలు కొట్టేశారు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర రెండు లక్షల కిలోల సరుకును కుప్పపోసి తగలబెట్టారు. ఆ తోటలు అంత దూరం ఎలా విస్తరించాయో చదువుతుంటే నాకు కోపం కంటే ఆశ్చర్యం ఎక్కువ వేసింది. బయటి రాష్ట్రాల వ్యాపారి విత్తనం ఇస్తాడు, ముందుగా డబ్బిస్తాడు, కోతకు తనే వస్తాడు, సరుకు చేలోనే కొంటాడు. కేసు మాత్రం గిరిజనుడికి వదిలేస్తాడు. ఆ చివరిది తీసేస్తే, విత్తనం, కొనుగోలు అని సదస్సు హాల్లో నాకు చెప్పిన మాటల్ని అక్కడ దొంగ వ్యాపారం నిజంగా అమలు చేసింది. కాఫీకి, పసుపుకు అదే పని చెయ్యడానికి ప్రభుత్వానికి చాలా కాలం పట్టింది.

హెంపుకు అడ్డు చట్టమొక్కటే అని కొన్నాళ్ళు సర్దుకున్నాను. నా పంట కాదు, నా కాలం బాగోలేదని. అమెరికా ఆ సర్దుబాటును కూడా మిగల్చలేదు. 2018 వ్యవసాయ చట్టంతో అక్కడ అడ్డు తీసేశారు. జనం ఎగబడ్డారు. వాళ్ళ వ్యవసాయ శాఖ లెక్కలోనే 2021లో హెంపు పంట విలువ 82 కోట్ల 40 లక్షల డాలర్లు, మరుసటి ఏడు 23 కోట్ల 80 లక్షలు. డెబ్బై శాతం పైగా ఒక్క ఏడాదిలో ఊడింది. అక్కడ చట్టం ఉంది, ప్రయోగశాల ఉంది, అప్పు ఉంది. ఎక్కువమంది నా లాగే ముందు పండించి, తర్వాత కొనేవాణ్ణి వెతికారు.

సర్వీసులో ఉన్నన్నాళ్ళూ, నూజివీడు నుంచి వచ్చేటప్పుడు బస్సు ముందు పామాయిల్ గెలల ట్రాక్టరు అడ్డం పడితే విసుక్కునేవాణ్ణి. కొత్త పంటకు ఒక రంగం ఎలా తయారవుతుందో ఆ ట్రాక్టరు నా కళ్ళ ముందే మోసుకుపోతోంది. పామాయిల్ మనది కాదు, ఆఫ్రికా చెట్టు. గెల కోసిన రోజు గడవకముందే ఫ్యాక్టరీకి చేరకపోతే నూనె పాడవుతుంది. కాబట్టి ఫ్యాక్టరీ దగ్గర్లో లేని చోట ఆ తోటకు విలువ సున్నా. అందుకే 1993లో రాష్ట్రం ప్రత్యేకంగా చట్టం చేసి, ప్రాంతాలు పంచి, ఈ మండలాల గెలలన్నీ ఈ ఫ్యాక్టరీ కొనాల్సిందే అని కట్టడి చేసింది. ధర ప్రభుత్వం ప్రకటిస్తుంది. పెదవేగిలో కేంద్రం పరిశోధన సంస్థ పెట్టింది. నర్సరీలు, డ్రిప్పు సబ్సిడీ, మొదటి ఏళ్ళకు అంతర పంటల సాయం. ఇంతా చేసినా గొడవలు తప్పలేదు. గెలలో నూనె శాతం ఎంతన్న లెక్క మీద, అశ్వారావుపేట వైపు ఎక్కువ వస్తోంటే ఇక్కడ తక్కువ ఎందుకని మన రైతులు ఏళ్ళ తరబడి కొట్లాడారు. కొట్లాడ్డానికి ఎదురుగా ఒకడున్నాడు, ఒక సూత్రం ఉంది. నాకైతే హోటలు హాలు ఖాళీ అయ్యాక ఎదురుగా కుర్చీలే.

సుబాబుల్‌కు ఆ కట్టడి లేదు. మా చుట్టుపక్కల, నందిగామ వైపు, నీళ్ళు లేని నేలల్లో అందరూ వేశారు. కాగితం మిల్లులకు కర్ర కావాలి, నీళ్ళు అక్కర్లేదు, కాపలా అక్కర్లేదు. ప్రభుత్వం మాట్లాడి టన్నుకు 4,200 అని ఖరారు చేయించినా, కర్ర ఎక్కువైనప్పుడు మధ్యవాడు చెప్పిందే ధర అయింది. నరకడానికి కూలీ, తోలడానికి కిరాయి పోగా మిగిలేదేమీ లేక తోటలు అలాగే వదిలేసినవాళ్ళున్నారు. హెంపు కాడ సుబాబుల్ కర్ర కంటే తేలిక, అంటే లారీలో ఎక్కువ చోటు, తక్కువ బరువు. దూరం తోలితే కిరాయికే సరి. నార ఒలిచే మిల్లు కాస్త దగ్గర్లో ఉండి తీరాలి. నా మూడెకరాల కోసం ఎవడు పెడతాడు? వేల ఎకరాలుంటే గానీ మిల్లు రాదు, మిల్లుంటే గానీ వేల ఎకరాలు రావు. ఈ ముడిని పామాయిల్‌కు ప్రభుత్వం విప్పింది. దీన్ని నేను నలభై వేలతో విప్పుదామనుకున్నాను.

ఇంకా బాధపెట్టేది గోగు. ఉత్తరాంధ్రలో గోగునార ఒకప్పుడు పెద్ద పంట. భీమునిపట్నం రేవు నుంచి వెళ్ళేది కనక విదేశీ బజార్లో దాన్ని బిమ్లీపట్నం జనపనార అనే పిలిచేవారు. చిట్టివలసలో, నెల్లిమర్లలో మిల్లులు, ఆమదాలవలసలో గోగు రకాలు తయారు చేసే పరిశోధన స్థానం. దీనికి చట్టం అడ్డు లేదు సరికదా, తోడుంది. 1987 నాటి చట్టం ప్రకారం తిండిగింజలకు గోనె సంచులు వాడటం తప్పనిసరి. నారకు మద్దతు ధర కూడా ఉంది. విత్తనం, మిల్లు, చట్టం, కొనేవాడు, అన్నీ ఉన్న నార అది. అయినా చిట్టివలస మిల్లుకు 2009లో తాళం పడింది. నార ఊరబెట్టడానికి చెరువుల్లో నీళ్ళు లేవు, ఆ కంపులో దిగి కాడ ఒలిచే కూలీ లేడు, ప్లాస్టిక్ సంచి చవక, బంగ్లాదేశ్ సరుకు మరీ చవక. హెంపు కాడను కూడా ఊరబెట్టే ఒలవాలి. మా చెరువు చేపల వేలం పాడుకున్నవాణ్ణి అడిగితే ఏమంటాడో, నేను అడగలేదు, అడిగి బతికి రాలేను.

నాకంటే ముందు, నాకంటే చాలా తెలిసినవాడొకడు ఈ దారిలో నడిచాడని తెలిశాక కాస్త ఊరట. విలియం రాక్స్‌బర్గ్, మన సామర్లకోటలో ఈస్టిండియా కంపెనీ వారి వైద్యుడిగా ఉంటూ మిరియాలు, నీలి, మల్బరీ పెంచి చూసినవాడు, 1793లో కలకత్తా తోటకు అధికారిగా వెళ్ళాడు. అప్పట్లో ఇంగ్లండు ఓడల తాళ్ళన్నిటికీ రష్యా హెంపే దిక్కు. రష్యాతో చెడితే ఓడలు రేవు దాటవు. అందుకని ఇండియాలో హెంపు పండించమని కంపెనీ మీద ఒత్తిడి. రాక్స్‌బర్గ్ జనుము, జనపనార, హెంపు, ఇంకా బోలెడు నారలతో తాళ్ళు పేనించి, బరువులు వేలాడదీసి, ఏది ఎప్పుడు తెగుతుందో పరీక్షించాడు. నా లాగ చొక్కా ధరతో గుణించలేదు. అంత చేసినా ఇండియా హెంపు రష్యా హెంపును గెలవలేదు. చివరికి గెలిచింది జనపనార. అదైనా 1830లలో డండీవాళ్ళు తిమింగలం నూనెతో నారను మెత్తబరిచి మరలకు పట్టించడం నేర్చుకున్నాకే, ఆపైన 1853లో క్రిమియా యుద్ధం వచ్చి రష్యా సరుకు ఆగిపోయాకే. బెంగాల్ రైతు పెద్ద ఎత్తున దిగింది దాని తర్వాతే. ఈ వరస నేను నల్లబల్ల మీద బాణం గుర్తులు వేసి చెప్పినదే. పరీక్షలో ఐదు మార్కుల ప్రశ్న.

హెంపు పనికిరాని మొక్క అని ఇప్పుడు వాదించడం కూడా నా పాత రోగమే అవుతుంది. మంచి నార. దాని బెండును సున్నంతో కలిపి గోడలు కడుతున్నారు, ఉత్తరాఖండ్‌లో ఒక విడిది గృహం అలాగే కట్టారు. ఈ రాష్ట్రంలో దాన్ని నిజంగా తేవాలనుకుంటే ఆమదాలవలస లాంటి పరిశోధన స్థానానికి లైసెన్సిచ్చి, మన పగళ్ళకు తగ్గ విత్తనం తీయించి, మూతపడ్డ నార మిల్లుల్లో ఏదో ఒకదాన్ని లేపి, అప్పుడు రైతును పిలవచ్చు. పామాయిల్‌కు పట్టినంత కాలం పడుతుంది. అప్పటికి నేనుండను, నా మూడెకరాలు మా అబ్బాయి ప్లాట్లు వేస్తాడు.

ఈ ఏడు ఆ మూడెకరాల్లో మా కౌలు రైతు మొక్కజొన్న వేశాడు. నన్ను సలహా అడగలేదు. జనుము మాత్రం మామిడిలో నేనే చల్లాను.

సదస్సు వాళ్ళ సందేశాలు ఫోనుకు వస్తూనే ఉన్నాయి. నలభై వేలు తిరిగిమ్మని మొదట్లో రాసేవాణ్ణి, జవాబుగా దండం పెట్టే బొమ్మ వచ్చేది. ఆ నంబరు తీసెయ్యమని ఆవిడ చెప్పింది. తీసేశానని చెప్పాను. మొన్న అగర్‌వుడ్ గురించి పంపారు, చెట్టుకు ఎంతొస్తుందో పట్టిక వేసి. ఎకరాకు ఎన్ని మొక్కలు పడతాయని అడిగి పెట్టాను.